దేవయ్య ఎక్కని గుర్రం

కింద నేల ఇంత దూరంలో ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పక్కన నిలబడితే దీని వీపు నా గడ్డం దాకా వస్తుంది, అంతే. మూడేళ్లుగా దీనికి గడ్డి వేశాను, నీళ్లు పెట్టాను, లద్దె ఎత్తాను, తోకలో ఇరుక్కున్న ముళ్లు ఒక్కొక్కటీ ఏరి తీశాను, ఎప్పుడూ ఎత్తనిపించలేదు. ఎక్కాక తెలుస్తోంది, అబ్బో, పడితే నడుమే విరుగుతుంది. ఇద్రీస్ నవ్వుతూ కళ్లెం తాడు నా చేతిలో పెట్టాడు. సూడాన్ మనిషి, గుర్రాల పని అంతా అతనిది, నేను ఖర్జూరపు చెట్లకు నీళ్లు కట్టి మిగిలిన పొద్దు అతనికి సాయం చేస్తాను. లాగితే ఆగుతుంది, మడమలు తగిలిస్తే పోతుంది, ఇంకేమీ లేదు, దారి దానికి తెలుసు అని తన వచ్చీరాని హిందీలో చెప్పాడు. నువ్వు భయపడితే మాత్రం దానికి తెలిసిపోతుంది అని కూడా చెప్పాడు, ఆ ఒక్క మాట చెప్పకపోయినా బాగుండేది. అర్బాబు, అంటే మా యజమాని, శుక్రవారమని పికప్ వేసుకుని మస్కట్ పోయాడు. నాలుగింటికి పెట్రోల్ బంకు దగ్గర మొగిలయ్య జీపు ఆగుతుంది, రాత్రి విమానానికి అతను బొంబాయి పోతున్నాడు, అక్కణ్ణించి కోరుట్ల, మూడు నాలుగు రోజుల్లో మా సిరిసిల్ల. ఎండిన వాగు వెంట పోతే బంకు రెండు కోసులు. నడిస్తే అందను. అందాలి. అంగీ జేబులో క్యాసెట్ ఉంది, గుర్రం అడుగు వేసినప్పుడల్లా అది ఛాతీకి తగులుతోంది, ఉన్నాను, ఉన్నాను అని గుర్తుచేస్తున్నట్టు.

రీమ్ దీని పేరు. అరబ్బు జాతి, కల్తీ లేని నెత్తురు అని అర్బాబు వచ్చినవాళ్లందరికీ దీని తల్లి పేరు, తల్లి తల్లి పేరు, ఏడు తరాల దాకా చెప్తాడు, కాఫీ చల్లారిపోయినా ఆపడు. నుదురు కొంచెం ఉబికి, మూతి సన్నంగా, తోక ఎత్తుగా, ఇది ముసలిది అయినా నడిచేటప్పుడు తల దించదు. నేను మా తాత పేరు దాకా చెప్పగలను, ఆ పైన తెలియదు, గుర్రానికి ఉన్న వంశం నాకు లేదు, ఏం చేస్తాం. దేవయ్య ఉంటే దీన్ని చూసి పిచ్చివాడయ్యేవాడు. మాకు పన్నెండేళ్లప్పుడు సత్యవ్వ వెంట కోరుట్లలో పెళ్లికి పోయాం, సత్యవ్వ అంటే దేవయ్య తల్లి, అక్కడ ఎవరో షావుకారు కొడుకు బరాత్ పోతోంది, తెల్లగుర్రం, దాని మీద ముత్యాల తెర కట్టుకున్న పెళ్లికొడుకు, ముందు బ్యాండు. దేవయ్య అన్నం వదిలేసి దాని వెంట బస్టాండు దాకా పోయాడు. తిరిగొచ్చి నా చెవిలో చెప్పాడు, "నా లగ్గానికి గుర్రమే నర్సూ. పగ్గం నువ్వే పట్టాలె, ఇంకెవ్వనికి ఇయ్య." నేను రాజనర్సును, వాడికీ వాళ్లమ్మకూ మాత్రం నర్సునే. సరే అన్నాను. అప్పుడు ఏదడిగినా సరే అనేవాణ్ని. నా పెళ్లి అయింది, గుర్రం లేదు, రిక్షాలో పోయాం, నా పెళ్లిలో కూడా వాడు అదే మాట, నీ దానికి ఖర్మ కాలింది, నా దానికి చూడు అని. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా వాడి పెళ్లి కాలేదు. ఇప్పుడు నేను గుర్రం మీద ఉన్నాను, థూ, చూడు ఎవడికి రావలసింది ఎవడికి వచ్చిందో.

తొడలు అప్పుడే నొప్పిపెడుతున్నాయి. రికాబుల్లో పాదాలు ఉన్నాయని తెలుస్తోంది కానీ వాటితో ఏం చేయాలో తెలియడం లేదు. కుడి పాదం నొక్కితే దాని వీపు కదులుతోంది, ఎడమది నొక్కితే మళ్లీ. ఇది నాకు తెలిసిన పనే కదా. మగ్గం గుంటలో కూర్చుని పదేళ్ల వయసు నుంచి చేసింది ఇదే, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కాళ్ల కింద పలకలు లేచి పడుతుంటే పైన నాడె అటూ ఇటూ పోయేది. మా అమ్మ పోయాక సత్యవ్వ నన్ను కూడా తన గుంటలోనే దించింది, ఒకపూట నేను, ఒకపూట దేవయ్య. పోగు తెగితే ముడి వేయడం నేర్పింది ఆమే. నా చేతిని తన చేతిలో పెట్టుకుని, ఇట్ల మలుపు, ఇట్ల దూర్చు, గుంజు, కొస కొరుకు. నాకు వెంటనే వచ్చింది. దేవయ్యకు రాలేదు, వాడిది ఎడమచేతి వాటం, ఆమె ఎన్నిసార్లు కొట్టినా చేయి మారలేదు, చివరికి వాడి తీరున వాడు వేశాడు. ముడి గట్టిదే. కాకపోతే మా అందరి ముడి కొస కుడికి పడితే వాడిది ఎడమకు పడేది. బట్ట తిరగేసి వేలితో తడిమితే చాలు, కళ్లు మూసుకున్నా తెలిసేది. తర్వాత సిరిసిల్ల అంతా మరమగ్గాలు వచ్చాయి, నేనూ సేటు దగ్గర నాలుగు మగ్గాలు నడిపేవాణ్ని. మరమగ్గం బట్టకు ఎవరి చెయ్యీ ఉండదు. వాడొక్కడూ మొండిగా చేనేతనే పట్టుకున్నాడు, చద్దర్లు నేసేవాడు. నేను వెక్కిరించేవాణ్ని, వాడి చద్దరు మాత్రం నా ఇంట్లో రెండున్నాయి.

నెమ్మదిగా పో తల్లీ. రాళ్లున్నాయి. ఇది రాళ్ల మధ్య తనే చూసుకుని అడుగు వేస్తోంది, నేను ఊరికే తాడు బిగబట్టి చేతులు నొప్పి చేసుకుంటున్నాను. వాగులో చుక్క నీరు లేదు, పక్కన కొండలు ఉత్త బండలు, మా దగ్గర ఎండాకాలం కూడా ఇంత బోసిగా ఉండదు.

సత్యవ్వ క్యాసెట్ వచ్చి నెలయింది. ఆమెకు చదువు రాదు, నాకు ఉత్తరం రాయడం రాదు, వాడలో అందరికీ అదే దారి, క్యాసెట్ నింపి ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపుతారు. టేపురికార్డరు సేటు ఇంట్లోనే ఉంది, అక్కడ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. వెనక మగ్గాల చప్పుడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె మాటకంటే ముందు నా చెవి ఆ చప్పుడును పట్టుకుంది, మూడో మగ్గానికి బెల్టు వదులైంది, దెబ్బ ఆలస్యంగా పడుతోంది, ఎవడూ చూసుకోవడం లేదు అనుకున్నాను. ఛీ. అదే జబ్బు. కొడుకు పోయిన తల్లి మాట్లాడుతుంటే బెల్టు గురించి ఆలోచించే జబ్బు. ఆ జబ్బే కదా వాణ్ని తిన్నది. "కొడుకా నర్సయ్యా, నేను సత్యవ్వను," అని మొదలుపెట్టింది, నాకు తెలియనట్టు. పాణం మంచిగ లేదు, కండ్లు సరిగ కనిపిస్తలేవు, ఊర్మిల పొద్దుగాల ఇంత గంజి తెచ్చి పోస్తది, నీ పెండ్లాం బంగారం, నీ బిడ్డ అమృత నన్ను అవ్వా అంటది. అదంతా అయ్యాక గొంతు మారింది. నేను క్యాసెట్‌ను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో, ఆ చోట రిబ్బను నలిగి మాట వణుకుతోంది ఇప్పుడు.

"మన దేవయ్య సంగతి చెప్పింది ఛాయ్ భూమయ్యనే అని అందరంటుండ్రు కొడుకా. ఠాణాకు ఛాయ్ పోసెటోడు వాడే కదా. వాని దుకాణంల ఎవ్వలు ఛాయ్ తాగుతలేరు, పిల్లకు కుదిరిన సంబంధం ఎనుకకు పోయింది. నిలదీస్తే నోరు తెరువడు, తలకాయ వంచుకొని పోతడు. తప్పు చెయ్యకుంటే మాట్లాడడా? అడివిల ఉన్న అన్నలు వాన్ని రెండుమాట్ల పిలిచిండ్రట. మూడోమాటు పిలిస్తే మనిషి తిరిగి రాడు. నన్నడిగిండ్రు, నీ కొడుకు పాణం, నువ్వు చెప్పు అవ్వా అని. నేను ఆగుమన్న. నర్సు నా కొడుకు దోస్తు, ఆ దినాలల్ల వెంబడే ఉంటుండె, వానికేమన్న ఎరుకుంటది, వాని మాట అచ్చెదాక ఆగుండ్రి అన్న. నువ్వు చెప్పు కొడుకా. వాడేనా? కాదా? నీ మాట నాకు గుండ్లమీద గీత."

గుండ్ల మీద గీత, రాతి మీద చెక్కిన గీత నా మాట. అదీ నా బతుకు.

ఎనభై అయిదు, చలికాలం. కోరుట్ల అవతల అడివిలో కాల్పులైనాయని, దళం సంచి వదిలి పారిపోయిందని విన్నాం. మాకేం కొత్త కాదు, డెబ్బై ఎనిమిదిలో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర అయిననాటి నుంచి అదే కథ, ఆ సంవత్సరమే మా సిరిసిల్ల, జగిత్యాల రెండూ కల్లోలిత ప్రాంతాలన్నారు. దేవయ్య ఆ యాత్రకు పోయినవాడే, రెండురోజులు గొంతు పోయి మాట రాకుండా వచ్చాడు. ఆ తర్వాత వాడు ఏ సంఘంలోనూ తిరగలేదు, ఎవరైనా చలికి వణుకుతూ తలుపు కొడితే అన్నం పెట్టేవాడు, చద్దరు ఇచ్చేవాడు, అంతకంటే ఏమీ లేదు. మూడోనాడు జవాను వచ్చి ఠాణాల సారు రమ్మంటున్నడు అన్నాడు. ఊర్మిల ఒళ్లో అమృత, నెలల పిల్ల. పోయాను. కొడతారనుకున్నాను. కొట్టలేదు, అది ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేని మాట. ఒక్క దెబ్బ పడలేదు. ఆ సారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు, నా ముందు బల్లమీద ఒక చద్దరు పరిచాడు. "రాజనర్సూ, నేతపనిల నువ్వు మొనగానివట. ఇది సోలాపూర్ చద్దరని మావోళ్లంటుండ్రు, నువ్వేమంటవ్?"

సోలాపూర్! నవ్వొచ్చింది నాకు. నిజంగా నవ్వాను. దీన్ని పట్టుకుని సోలాపూర్ అంటారా, మరమగ్గానికి చేనేతకు తేడా తెలియని వాళ్లు. చద్దరు లేపి కిటికీ దగ్గరకు తీసుకుపోయాను, వెలుతురులో పట్టాను, అంచు లాగి చూశాను, ఒక జానెడులో పోగులు లెక్కపెట్టాను. అప్పుడే భూమయ్య ఛాయ్ పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను చద్దరు తిరగేశాను. వేలు నడిచింది. ముడి కొస ఎడమకు ఉంది. లోపల ఏదో తలుపు తీసినట్టు సంతోషం వచ్చింది, సిగ్గులేకుండా చెప్తున్నాను, సంతోషమే, పోయిన వస్తువు దొరికితే వచ్చే సంతోషం. "సోలాపూర్ ఎక్కడిది సార్, ఇది మా సిరిసిల్ల చెయ్యే. చూడుండ్రి ముడి ఎటు పడ్డదో. ఇట్ల ఏసెటోడు ఒక్కడే ఉన్నడు, మా దేవయ్య." అన్నాను. సారు పెన్ను మూత తీశాడు. భూమయ్య నా వైపు చూశాడు, ఆ చూపు చూశాక గానీ ఆ చద్దరు దళం వదిలిన సంచిలోదని, నేనేం చేశానో నాకు తెలియలేదు. ఛాయ్ బల్లమీద పెట్టి పోయాడు. నేను ఆ ఛాయ్ తాగాను కూడా. ఎందుకు తాగానో. తాగకపోతే అనుమానపడతారని కాబోలు.

ఆగింది. ఏమైందే? అహ్, నీళ్లు. తోటలకు పోయే సన్నటి కాలువ అడ్డం వచ్చింది, మెడ వంచి తాగుతోంది, తాడు నా చేతుల్లోంచి జారి దాని చెవుల దాకా పోయింది, నేను ముందుకు వంగి జూలు పట్టుకుని ఉన్నాను, పట్టు తప్పితే నేరుగా నీళ్లలోనే. తాగనీ. ఎంతసేపు తాగుతుందో తాగనీ. ఎండ కొండ మీదికి ఎక్కింది, మూడున్నర అయి ఉంటుంది, ఇంకో అరగంట ఇది ఇలాగే తాగుతూ నిలబడితే జీపు పోతుంది, అప్పుడు తప్పు నాది కాదు కదా, గుర్రం ఆగింది, నేనేం చేయను, నాకు గుర్రపుస్వారీ రాదు. చూశావా, ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. ఆనాడు చద్దరు మాట్లాడింది, ఈనాడు గుర్రం ఆగింది, నేనెప్పుడూ ఏమీ చేయలేదు.

భూమయ్య ఎందుకు చెప్పలేదు? సత్యవ్వ నిలదీసినప్పుడు ఒక్కమాట అంటే అయిపోయేది, నేను కాదు, నీ నర్సే అని. అన్నలతో అన్నా అయిపోయేది. నేను ఇక్కడున్నాను, నాకేం కాదు, కానీ ఇంట్లో ఊర్మిల ఉంది, చిన్నపిల్ల ఉంది, అది ఆలోచించే నోరు మూసుకుని ఉంటాడు. అతనికీ ఆడపిల్లే కదా. నాకు అతనితో చుట్టరికం లేదు, స్నేహం లేదు, రోజుకో ఛాయ్ తాగిన పరిచయం. నాలుగేళ్లుగా నా మూట మోస్తున్నాడు ఆ మనిషి, నేను ఇక్కడ ఖర్జూరాలు తింటున్నాను.

దేవయ్యను మగ్గం మీదినుంచే తీసుకుపోయారు. మేం విడిపించమని అందరికీ చెప్పుకొంటూ తిరిగాం, నేను కూడా తిరిగాను, అందరికంటే ముందు నడిచాను, సత్యవ్వను చేయి పట్టుకుని ఆఫీసు ఆఫీసుకు తిప్పాను. ఎనిమిదోనాడు ఎదురుకాల్పులని పేపర్లో వచ్చింది. జగిత్యాల పోయి శవాన్ని తెచ్చుకున్నాం, లారీలో, మల్యాల దాటాక చలిగాలి కొడుతుంటే సత్యవ్వ తన కొంగు తీసి వాడి కాళ్లకు కప్పి, నా కొడుక్కు సలి పెడ్తది అంది. కప్పడానికి వాడు నేసిన చద్దరు లేదు, అది ఠాణాలో ఉంది. ఆమె నా భుజం మీద తల పెట్టి సిరిసిల్ల దాకా ఏడ్చింది, వాడు పోయిండు, ఇగ నువ్వే నాకు కొడుకువు అని. చెప్పవలసింది అప్పుడే. ఆ లారీలో, ఆ రోడ్డు మీద చెప్పి ఉంటే ఆమె నా మొహం మీద ఉమ్మేసేది, నన్ను లారీలోంచి తోసేసేది, అంతటితో అయిపోయేది. చెప్పలేదు. కర్మకాండ కూడా నేనే చేశాను. కోరుట్ల ఏజెంటు దగ్గర పడ్డాను, వీసా రాగానే వచ్చేశాను, రెండేళ్లకు సెలవు వస్తే అర్బాబు పంపట్లేదని ఊర్మిలకు అబద్ధం చెప్పించాను. పోయి ఏ మొహంతో ఆ వాడలో నిలబడను? ఆమె గంజి తాగుతుంటే ఎదురుగా ఎలా కూర్చోను?

ఛల్. ఛల్ రీమ్. మడమలు తగిలించాను. కదల్లేదు. ఇంకా గట్టిగా. తల ఎత్తింది, మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి, ఒక చెవి వెనక్కి తిప్పింది నా వైపు. "చెప్పింది నేనే," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా మాటలోనే అన్నాను, "దేవయ్యను పట్టిచ్చింది నేనే, భూమయ్య కాదు, నేనే." ప్రాణమున్న దాని ముందు ఆ మాట అనడం ఇదే మొదలు. అది చెవి ముందుకు తిప్పుకుని కాలువ దాటింది. దాటాక ఏమనుకుందో పరుగు అందుకుంది.

అమ్మో, అమ్మో, నడుం, కళ్లెం, రికాబు జారింది, ఎడమకాలు ఊగుతోంది, పళ్లు కొట్టుకుంటున్నాయి, జూలు రెండు చేతులా పట్టుకున్నాను, అమ్మా చచ్చాను. చావలేదు. కాసేపటికి దెబ్బలు తగ్గాయి. ఎగిరినప్పుడు ఎగరాలి, పడినప్పుడు పడాలి, దానితో కొట్లాడకూడదు, అంతే. గాలి చెవుల్లో మోగుతోంది, దాని మెడ ముందుకు సాగి ఉంది, దాని చెమట వాసన, ఆ ఎత్తు, కొండలు పక్కనుంచి పోతున్నాయి, ఎవరూ లేరు, నేను అరిచాను. సంతోషంతోనే అరిచాను. ముప్పై నాలుగేళ్లకు మొదటిసారి గుర్రమెక్కినవాడు అరవకుండా ఎలా ఉంటాడు? అరిచాక చప్పున నోరు మూసుకున్నాను. ఒరే దేవయ్యా, ఇది ఇట్లా ఉంటుందిరా. నువ్వు బస్టాండు దాకా ఊరికే పరుగెత్తలేదు. చెప్పుకోవాలంటే నీకే చెప్పుకోవాలి, ఇంకెవరికి చెప్తే అర్థమవుతుంది?

జేబు తడుముకున్నాను. క్యాసెట్ ఉంది. పోయిన శుక్రవారం మధ్యాహ్నం మోటారు కొట్టంలో కూర్చుని నింపాను, మలయాళీ వంటాయన టేపురికార్డరు అడిగి తెచ్చుకుని. మూడుసార్లు చెరిపాను. మొదటిసారి ఏడుపే సరిపోయింది. రెండోసారి సారును తిట్టాను, చలికాలాన్ని తిట్టాను, నన్ను తప్ప అందరినీ తిట్టాను. మూడోసారి క్షేమం అడగడంతోనే ఒక వైపు అయిపోయింది. నాలుగోసారి తిన్నగా చెప్పాను. సత్యవ్వా, భూమయ్య కాదు. నేను. నన్నెవరూ కొట్టలేదు. నువ్వు నేర్పిన ముడి చూసి చెప్పిన. భూమయ్య కాళ్లు మొక్కి తప్పయిందను, నన్నేమన్న అనుకో. అంతే, ఒక్క నిమిషం కూడా లేదు, మిగతా క్యాసెట్ అంతా మోటారు చప్పుడు. దాన్ని సేటు ఇంట్లో పెడతారని నాకు తెలుసు. ఊర్మిల అక్కడే ఉంటుందని తెలుసు. అన్నల చెవికి పోతుందని తెలుసు. తెలిసే నింపాను. ఊర్మిల అమ్మగారింటికి ఎల్లంతకుంట పోతుంది, నాలుగు రోజులు అక్కడ ఉంటుంది, ఆడదాన్ని పసిపిల్లను ఎవరేం చేస్తారు, ఏం చేయరు, చేయరు అనే నమ్మాలి. భూమయ్యను మూడోసారి పిలిస్తే? అది నమ్మకం కాదు, అది జరుగుతుంది. కాబట్టి ఇచ్చేయాలి. దిగకుండా ఇచ్చేయాలి, పైనుంచే చెయ్యి చాచి ఇచ్చి గుర్రం తిప్పేయాలి. ఆలోచించకుండా. ఒక్కసారైనా.

బంకు కనిపించింది. తెల్ల జీపు ఉంది, పైన అట్టపెట్టెలు తాళ్లతో కట్టి ఉన్నాయి. మొగిలయ్య పక్కన నిలబడి నీళ్లు తాగుతున్నాడు, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ పక్కన ఇల్లు, మంచి మనిషి, ఎవరేది ఇచ్చినా ఇంటి గడపలో చేరుస్తాడు. నన్ను చూసి సీసా పట్టుకునే చప్పట్లు కొట్టాడు.

"ఓ రాజనర్సన్నా! ఏందే నీ యేషం? పెండ్లికొడుకు లెక్క అచ్చినవ్! గా అరబ్బోడు సూస్తే తోలు తీస్తడు."

తాడు లాగాను, ఆగింది, ఇద్రీస్ చెప్పినట్టే. దిగకూడదనుకున్నాను, దిగాను. తొడలు నిలబడనివ్వలేదు, జీను పట్టుకుని నిలబడ్డాను.

"రెండునెలల కింద మా బామ్మర్ది నీ క్యాసెట్ తీస్కపోయిండు గదా," అన్నాడు మొగిలయ్య. "సేటు ఇంట్ల పెట్టిండ్రట. వాడంత కూడిందట. నీ బిడ్డ అందరికంటే ముందల పోయి కూసున్నదట. నీ గొంతు రాంగనే డబ్బాను పట్టుకొని బాపూ అని ముద్దు పెట్టిందట, ఎంత గుంజినా ఇడువలేదట. అందరు ఒక్కటే నవ్వుడు. నువ్వంటే గా పోరికి డబ్బల గొంతే గదనే, నిన్నెన్నడు సూసింది? జర సెలవు పెట్టి పో అన్నా."

జేబులో వేళ్లున్నాయి. క్యాసెట్ అంచు తగులుతోంది. ఈసారి కూడా ముందు కూర్చుంటుంది. డబ్బాను పట్టుకుని కూర్చుంటుంది, నేను అందులోంచి చెప్తాను, నేనే, నేనే పట్టిచ్చిన అని. అందరూ నవ్వడం ఆపి దాని మొహం చూస్తారు.

"ఏమన్న ఇచ్చెటిదుందా? ఉత్తరం, క్యాసెట్?"

"లేదు," అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. మొగిలయ్య ఎక్కబోతూ ఆగాడు. "మా బామ్మర్ది చెప్పిండు, గా సత్యవ్వ నీ జవాబుకు ఎదురుచూస్తున్నదట. ఏందో ఛాయ్ భూమయ్య సంగతట. ఏం చెప్పాలె?"

"భూమయ్య కాదని చెప్పు."

"మరెవ్వలు?"

నేను రీమ్ మెడ మీద చెమట తుడుస్తున్నాను.

"నీకెట్ల ఎరుక అని అడుగుతరు గదనే. ఏం చెప్పాలె?"

"మంచోడు, గసొంటి పని చెయ్యడు," అన్నాను.

"గంతేనా?" అన్నాడు మొగిలయ్య. నా మొహంలోకి చూశాడు. "మంచోడంటే ఎవ్వలింటరే గీ దినాలల్ల. సరే, చెప్త. ఇంకేమన్నా?"

నోరు తెరిచాను. చెప్పవలసిన మాట కింద నుంచి వచ్చింది, గొంతు దాకా వచ్చింది, ఒట్టు, వచ్చింది.

"గుర్రమెక్కిన అని చెప్పు సత్యవ్వకు. అరబ్బు గుర్రమని చెప్పు."

మొగిలయ్య పగలబడి నవ్వాడు, చెప్తా చెప్తా అంటూనే ఎక్కాడు, జీపు కదిలింది, మలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చెప్తాడు. సత్యవ్వ ముందు నవ్వుతుంది, తర్వాత ఏడుస్తుంది, మా దేవయ్యకు గుర్రమంటే పాణం అంటుంది, వాడంతా చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవరో అడుగుతారు, మరి భూమయ్య మాటేమిటి, నర్సు ఏమన్నడు అని. ఊకె మంచోడన్నడు అంటుంది ఆమె. అంటే నర్సుకు కూడా ఏమీ తెలియదన్న మాట అనుకుంటారు. ఆమె ఇక ఎవరినీ ఆగమనదు.

రోడ్డు మీద ఇంకో బండి లేదు. మళ్లీ ఎవరు పోతారు, ఆర్నెల్లకు ఎల్లంతకుంట నుంచి వచ్చిన ఒకతను పోతాడు, ఆర్నెల్లు. రీమ్ పక్కనే నిలబడి ఉంది, నేను ఎక్కుతానని ఎదురుచూస్తోంది. రికాబులో పాదం పెట్టాను. తీసేశాను. ఎక్కే అర్హత ఉన్నవాడు వేరే ఉన్నాడు. కళ్లెం తాడు దాని తల మీదుగా ముందుకు తీసి పట్టుకున్నాను, పెళ్లికొడుకు గుర్రానికి పగ్గం పట్టేవాడు పట్టుకున్నట్టే, కుడిచేత్తో, మూతికి జానెడు దూరంలో. వాగులోకి దిగాం. వెనక జీను ఖాళీగా ఉంది. దేవయ్యకు కుదుపు తగలకుండా రాళ్లు లేని చోట చూసి నెమ్మదిగా నడిపించాను.